కారుకు మైల లేదు

బండమీదపల్లె లాజరుకు బాప్తిస్మం నాడు పాదిరి పెట్టిన పేరు ఒకటుంటే, ఊరి పెద్దలు దాని ముందు ఇంకొకటి తగిలించారు. నోటి లాజరు. చేతులు కట్టుకున్నవాడు నోరు కూడా కట్టుకోవాలన్న మర్యాద తెలియని మనిషని దాని అర్థం. నలభై అయిదేళ్ళు దాటినా ఆ మర్యాద అతనికి పట్టుబడలేదు. పట్టుబడితే ఈ కథ లేదు.

అతని తాత ధాత సంవత్సరపు కరువులో, గంజి పోసిన మిషను దొర చేతిమీదుగా కిరస్తానీ అయ్యాడు. తండ్రి నాపరాళ్ళ గనిలో బండలు లేపి లేపి నడుము పడిపోయి చనిపోయాడు. లాజరు పడుచుతనంలో నంద్యాల మిషను కాంపౌండులో చేరి, అక్కడి దొర కారు కడిగి, తుడిచి, మైనం పట్టించే పనిలో చాలా ఏళ్ళు ఉన్నాడు. దొర తన దేశానికి వెళ్ళిపోతూ ఒక పాత కోటు ఇచ్చి, నీకోసం ప్రార్థిస్తానని చెప్పి పోయాడు. కోటును భార్య రాహేలమ్మ పిల్లలకు చొక్కాలుగా కత్తిరించింది. ప్రార్థన సంగతి తెలియదు. లాజరు ఊరికి తిరిగివచ్చి తండ్రి వదిలిన సమ్మెట ఎత్తుకున్నాడు.

ఆ గని లింగారెడ్డిది. ఊరి కింద మామిడితోటలు లింగారెడ్డివి. ఊళ్ళో తియ్యటి నీళ్ళున్న ఒకే ఒక్క బావి, తోటగోడ పక్కనున్నది, అదీ లింగారెడ్డిదే. లాజరు వాళ్ళుండే మాలగేరిలో ఒక గుంతబావి ఉండేది. వరసగా రెండేళ్ళు వానలు ఎగ్గొట్టేసరికి దాంట్లో నీళ్ళు కషాయంలా చేదెక్కి ఉప్పుదేరాయి. ఆ నీళ్ళతో సంగటి కెలికితే ఉప్పు వేసే పని ఉండేది కాదు. పిల్లల పెదవులు పగిలి పొక్కులయ్యేవి.

సరిగ్గా ఆ పంతొమ్మిదివందల ముప్పై నాలుగో సంవత్సరం ఎండాకాలంలో లింగారెడ్డి మద్రాసు పోయి కారు కొనుక్కొచ్చాడు.

నేరేడుపండు రంగు. ఎండలో నిలబడితే దానిమీద ఆకాశం కనపడేది. దానికి గుమ్మడికాయ కొట్టారు, నిమ్మకాయలు తొక్కించారు, ముందు భాగాన మిరపకాయలు కట్టారు. దానికి నీడ కావలసి వచ్చి ఎడ్లకొట్టం ఖాళీ చేయించారు. పన్నెండేళ్ళు ఆ రెడ్డికి దున్నిపెట్టిన ఎడ్లు బయటికొచ్చి ఎండలో నిలబడి, తమ ఇంట్లోకి పోయిన ఆ మేత తినని జంతువును చూస్తూ నెమరేశాయి. కారుమీద మొదట మల్లుగుడ్డ, దానిమీద దుప్పటి, దానిమీద కంబళి. పెళ్ళికూతురిక్కూడా అన్ని ముసుగులుండవు. లింగారెడ్డి పొద్దున లేచి మొహం కడుక్కోకముందే వెళ్ళి మూడు ముసుగులూ ఎత్తి చూసి, మళ్ళీ కప్పేవాడు. ఇంకొకరు తోలితే గీత పడుతుందని తనే తోలడం నేర్చుకున్నాడు. దుమ్ము రేగుతుందని ఎద్దుబండి కంటే మెల్లగా తోలేవాడు. నంద్యాల పోయే బండ్లు ఆయన్ను దాటుకుని పోతూ, దాటాక నవ్వుకునేవి.

కారు అమ్మినవాడు ఒక డబ్బాడు మైనం, మేకతోలుతో చేసిన మెత్తటి గుడ్డ ఒకటి ఇచ్చి జాగ్రత్తలు చెప్పి పంపాడు. కొత్త రంగు పచ్చిపుండు లాంటిది. తియ్యటి నీళ్ళతోనే కడగాలి. ఉప్పునీళ్ళు తగిలితే రంగు చచ్చిపోతుంది. మైనం పలుచగా, నీడలో, అరచేత్తో వేడి పుట్టేదాకా పట్టించి, ఆఖరున ఆ తోలుతో తుడవాలి. మామిడిచెట్టు కింద నిలపవద్దు, సొన పడితే పొక్కుతుంది.

తోలు అనేసరికి ఇంటి పనులు చూసే మద్దిలేటి రెండడుగులు వెనక్కి వేశాడు.

"నేను ముట్టను రెడ్డీ. మా కులపోళ్ళు తప్పేస్తారు."

గని కూలి కోసం గేటు బయట నిలబడ్డ లాజరు నవ్వాపుకోలేకపోయాడు. "ఏమప్పా మద్దిలేటీ, కాళ్ళకేసుకున్నదేంది? అరిటాకా?"

"కాళ్ళకు వేరే, చేతులకు వేరేరా."

"అవునప్పా. మర్సిపోయినా. నీ కాళ్ళు మా గేరిలో పుట్టినట్టుండాయి."

లింగారెడ్డి ఈ హాస్యం వినలేదు. ఆయన చెవుల్లో కారు రంగు తప్ప ఇంకేమీ లేదు. "ఒరే లాజరా, నంద్యాలలో దొరకారు పని చేసినావంట గదరా?"

"చేసినా సామీ."

"అయితే రోజూ సాయంత్రం వచ్చి దీన్ని చూసుకో. కూలి నేను చెప్పినప్పుడు తీసుకుందువు."

"కూలి వద్దు సామీ. నీళ్ళియ్యి."

లింగారెడ్డి ముఖం వికసించింది. చేతినుంచి ఏమీ జారకుండా పని జరిగే బేరం ఆయనకు పుట్టుకతో ఇష్టం. ఏర్పాటు ఇలా కుదిరింది: బావి గట్టు ఎక్కడానికి లాజరుకు గానీ గేరివాళ్ళకు గానీ వీల్లేదు. మద్దిలేటి చేదతో తోడి కాలువలో పోస్తాడు. గోడకున్న తూములోంచి ఆ నీళ్ళు బయటి రాతితొట్టిలో పడతాయి. ముందు కారుకు. కారు కడిగాక తొట్టిలో మిగిలినవి గేరికి.

అలా ఆ ఎండాకాలం బండమీదపల్లె మాలగేరి ఒక కారు స్నానం ముగిసేదాకా కుండలు పట్టుకుని వరసలో కూర్చోవడం నేర్చుకుంది. లాజరు ఒక్కో ముంతా పొదుపుగా వాడేవాడు. చక్రాలకు నీళ్ళు చూపించి వదిలేసేవాడు. అయినా రాహేలమ్మకు కడుపు మండేది.

"మొగుడు తిన్నాక పెండ్లాం తింటాది, అది లోకం," అనేది ఆమె వరసలో కూర్చుని. "కారు తాగినాక మనిషి తాగేది యాడన్నా ఉండాదా?"

"ఈడ ఉండాది గదే," అనేవాడు లాజరు, మడ్గార్డు తుడుస్తూ.

పని మాత్రం అతను బాగా చేసేవాడు. రెడ్డి మీద భక్తితో కాదు. చేతగాని పని చేయడం అతనికి చేతకాదు, అంతే. ముందు దుమ్మును నీళ్ళతో జార్చేవాడు, పొడిగుడ్డ తగలనిచ్చేవాడు కాదు. తర్వాత శనగబద్దంత మైనం వేలికొసన తీసుకుని, బండలు మోసి గట్టిపడ్డ అరచేత్తో గుండ్రంగా రాసేవాడు. లింగారెడ్డి చేతులు వెనక్కి కట్టుకుని పక్కనే నిలబడి చూసేవాడు. బానెట్టు మీద మెరుపు తేరుకోగానే వంగి, దాంట్లో తన మీసాలు చూసుకునేవాడు. చిత్రమేమంటే, లాజరు నీడ తగిలిందని ఒకప్పుడు బస్తా కొర్రలు పారబోయించిన మనిషి, లాజరు అరచేయి రెండు గంటలు రుద్దిన చోట తన ముఖం చూసుకుని మురిసిపోయేవాడు.

మొదటి వారం బాగానే గడిచింది. ఆ తర్వాత మచ్చలు మొదలయ్యాయి.

సాయంత్రం అద్దంలా వదిలిపెట్టిన కారు తెల్లారి ముసుగెత్తేసరికి బానెట్టు మీద, తలుపుల మీద చిన్నచిన్న తెల్లటి చుట్టలు. తామర లేచినట్టు. అంచులు కొంచెం పచ్చగా. లాజరు వాటిమీద మళ్ళీ మైనం రుద్దితే సగం పోయేవి. తెల్లారి మళ్ళీ కొత్తవి. అతను మైనం డబ్బాను అనుమానించాడు, పిట్టల్ని అనుమానించాడు, చివరికి తన చేతి చెమటను కూడా వాసన చూసుకున్నాడు. లింగారెడ్డి మాత్రం ఎవర్నీ అనుమానించే శ్రమ పెట్టుకోలేదు. తప్పు చేసినవాడు ఎదురుగానే ఉన్నాడు కదా.

"నీ చేతిలోనే ఏదో ఉండాదిరా. విషం చెయ్యి."

"ఈ చెయ్యి కొట్టిన బండలే గద సామీ నీ ఇంటి అరుగంతా. ఆడ మచ్చలు ల్యా."

"నోరు! ఆదివారం నంద్యాలలో సభ. నేను అధ్యక్షుణ్ణి. నాలుగూళ్ళ పెద్దమనుషులు వస్తారు. ఆనాటికి కారుమీద ఒక్క మచ్చ కనపడినా తొట్టిలో చుక్క పడదు. తెలిసిందా?"

ఆ సభ ఏమిటో చెప్పాలి. ఆ రోజుల్లో ఎక్కడ చూసినా హరిజనోద్ధరణ సభలు. అంటరానితనం పాపమని చెప్పడానికి పెద్దమనుషులు ఖద్దరు కట్టుకుని వేదికలెక్కుతున్నారు. వాళ్ళలో నిజంగా గుండె మండినవాళ్ళు లేకపోలేదు. కానీ వేదిక కనపడితే ఎక్కకుండా ఉండలేని జాతి ఒకటుంది. లింగారెడ్డి ఆ జాతి మనిషి. జిల్లా బోర్డులో కుర్చీ మీద కన్నుండి, ఖద్దరు పంచె కొని, గంజి పెట్టించి, ఉపన్యాసం అద్దం ముందు వల్లెవేస్తున్నాడు. ఆ అద్దం కారు బానెట్టు. దానికి మైనం పట్టిస్తూ లాజరు ఆ ఉపన్యాసమంతా విన్నాడు. "హరిజనులు మన సోదరులు" అన్నచోట రెడ్డి గొంతు గద్గదమయ్యేది. ఆ వెంటనే, "ఒరే, కొంచెం అవతలకు జరగరా, నీ నీడ పడతాంది," అనేవాడు.

గురువారం సాయంత్రం లాజరు పని ముగించి గేరి దాకా పోయి, తోలుగుడ్డ మరిచిపోయిన సంగతి గుర్తొచ్చి వెనక్కి వచ్చాడు. కొట్టంలో మనిషి అలికిడి. గోడ మీదుగా చూశాడు.

లింగారెడ్డి తల్లి కృష్ణవేణమ్మ. డెబ్బై ఏళ్ళ మనిషి, మడిలో రాయి, మాటలో కొరివి. ఎడమచేతిలో ఇత్తడిచెంబు, కుడిచేతిలో వేపరెమ్మ. ముసుగులు పక్కకు తీసి, రెమ్మను చెంబులో ముంచి, కారు చుట్టూ తిరుగుతూ చల్లుతోంది. చెంబులో ఏముందో లాజరుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆవు పంచితం, పసుపు. పుట్టినప్పటినుంచి అతను నడిచిన దావ మీద, కూర్చున్న అరుగు మీద, కొలిచిన గింజల మీద అదే చల్లుతూ వచ్చారు. ఆ వాసన అతనికి తన పేరంత పాతది.

పసుపు కలిసిన బొట్లు నున్నటి రంగు మీద పడి, జారకుండా, గుండ్రంగా నిలబడ్డాయి. ఒక్కో బొట్టూ ఒక్కో తామరమచ్చ.

"ఏమవ్వా, కారుకు స్నానమా?" అన్నాడు లాజరు.

ఆమె ఉలిక్కిపడలేదు. "నువ్వు ముట్టినాక చల్లకుండా నా కొడుకును ఎట్ల ఎక్కమంటావురా?"

"ఎన్నాళ్ళనుంచి చల్తాండావు?"

"నువ్వు ముట్టేది నా కంట పడిన నాటినుంచి. పొట్ట నొప్పిగా ఉన్ననాడు కూడా తప్పలా." ఆమె గొంతులో గర్వం.

"శానా మంచి పని అవ్వా. ఇదో, ఈ తలుపు పక్క తక్కువ పడినట్టుండాది. ఆడ గూడా ఒక రెమ్మ."

కృష్ణవేణమ్మ వచ్చి ఆ తలుపు మీద కూడా పుష్కలంగా చల్లింది. "నీకన్నా తెలిసింది రా," అంది. "మద్దిలేటిగానికి చెప్తే అర్థం కాదు."

లాజరు ఇంటిదాకా నవ్వుకుంటూనే పోయాడు. గుడిసెలో కూర్చుని మళ్ళీ నవ్వాడు. చెప్పడం పూర్తయ్యాక రాహేలమ్మ మాత్రం నవ్వలేదు.

"బాగుండాది. రేపు తొట్టి ఎండితే నీ నవ్వు తాగుతామా? పోయి ఆ రెడ్డికి చెప్పు."

శుక్రవారం పొద్దున చెప్పాడు. లింగారెడ్డి మొదట నమ్మలేదు. లాజరు చూపిన తలుపు దగ్గర వంగి, వేలితో గీకి, ముక్కు దగ్గర పెట్టుకుని, చటుక్కున పంచెకు తుడుచుకున్నాడు. ఇంటివైపు చూశాడు, కారువైపు చూశాడు. ముప్పై అయిదు గ్రామాల పంచాయతీలు తీర్చిన మనిషి ఇలా ఇరుక్కోవడం ఎవరూ చూసి ఉండరు. అమ్మను ఆపితే మైల. ఆపకపోతే మచ్చ. మైల ఎవరికీ కనపడదు, మచ్చ నంద్యాలంతా చూస్తుంది.

మధ్యాహ్నానికి పురోహితుణ్ణి పిలిపించాడు. ఆయన కారు చుట్టూ దూరంగా తిరిగి, కళ్ళు మూసుకుని, తెరిచి, పట్టుబట్టకు మైల అంటదు కదా, ఈ రంగు పట్టులాగా మెరుస్తోంది కదా, కనుక కారుకు మైల లేదు అని తేల్చాడు. మామిడిపళ్ళ బుట్ట ఆయన వెనక పోయింది. కృష్ణవేణమ్మ రెండుసార్లు దీర్ఘాలు తీసి, చెంబు పక్కన పెట్టింది.

సాయంత్రం లాజరు రాగానే లింగారెడ్డి వరమిచ్చే దేవుడిలా అరుగుమీద నిలబడి ప్రకటించాడు. "ఒరే లాజరా, శాస్త్రం చూపించినాం. కారుకు మైల లేదు. నువ్వు ముట్టుకోవచ్చు, ఎవరూ ఏమీ చల్లరు."

లాజరు తోలుగుడ్డను మడతపెట్టాడు.

"ఇనుముకు మైల లేదన్నమాట సామీ."

"లేదు."

"మరి నీళ్ళకో?"

"ఏ నీళ్ళకు?"

"నీ బావిలో నీళ్ళకు. అవి గూడా మెరుస్తాండాయి. మా ఆడోళ్ళను వాళ్ళ చేత్తో తోడుకోనీ. ఆ తూము, ఆ తొట్టి, కారు ఎంగిలి మాకొద్దు. ఎట్లా ఆదివారం సభలో చెప్పబోతాండావు గదా, సోదరులని."

లింగారెడ్డి ముఖం మీద మైనం కరిగింది. ఒక్క క్షణమే. వెంటనే ఆయనకు తెలివి అందింది. ఇలాంటివాళ్ళకు తెలివి ఎప్పుడూ ఇలాంటి చోటే అందుతుంది.

"ఆ మాటలు హరిజనులకురా. మీరు కిరస్తానీలు. మీకేం సంబంధం?"

"ఓహో! మరి అవ్వ చెంబెత్తినప్పుడు నేనెవుర్ని సామీ?"

లింగారెడ్డి మీసాలు సవరించుకున్నాడు.

"చల్లేటప్పుడు మాలోణ్ణి, తోడేటప్పుడు కిరస్తానీని. బాగుండాది నీ శాస్త్రం." లాజరు తోలుగుడ్డను గోడమీద పెట్టాడు. దానిమీద మైనం డబ్బా పెట్టాడు. "ఈ చెయ్యి ఇంక నీ కారు మీద పడదు సామీ. మా కుండలు నీ బావిలో మునిగిన నాడు పిలువు."

"నీవు కాకుంటే ఇంకొకడు!" అని అరిచాడు లింగారెడ్డి. "మద్దిలేటీ, తూము మూసెయ్!"

ఆ సాయంత్రమే తొట్టి ఎండింది. గేరిలో ఏసన్న అనే పెద్దమనిషి లాజరు మీద విరుచుకుపడ్డాడు. "నీ నోటికి మా నోళ్ళెండాలనా? చుక్కో బొట్టో వస్తాండె. ఇంక కుందేటి దాకా పోయి చెలమలు తవ్వాల. ముసలోళ్ళకు ఎవురు మోస్తారు?"

ఆ మాట లాజరుకు తగిలింది. రెడ్డి మాట ఏనాడూ తగలని చోట తగిలింది. గుడిసె ముందు అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. ఒకవేళ తెల్లారి పోయి గోడమీది డబ్బా తీసుకుంటే? ముసలివాళ్ళు నీళ్ళు తాగుతారు. ఇంతకాలం తాగినట్టే, కారు తర్వాత.

రాహేలమ్మ కుండ చంకన పెట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడింది. "ఏమాలోచిస్తాండావో నాకు తెలుసు. మేము ఆడోళ్ళం కుందేటికి పోతాం, ముసలోళ్ళకు మేమే మోస్తాం. అందరితో మాట్లాడినా. నీ చెయ్యి మాత్రం ఆ కారు మీద పడిందా, ఈ ఇంట్లో నీకు గంజి ల్యా."

"ఆదివారం పోయినాక మళ్ళా మూస్తాడు గదమ్మా," అన్నాడు ఏసన్న, కొంచెం తగ్గి. "సభ కోసమని ఇప్పుడు బావి ఇచ్చినా మాత్రం నిలుస్తాదా?"

లాజరు తల ఎత్తాడు. "నిలుస్తాది పెద్దాయనా. ఒక్కసారి మన కుండ మునగనీ. ఆ నీళ్ళు ఇంక కృష్ణవేణవ్వ గొంతు దిగవు, ఎన్ని చెంబులు పోసినా. వాళ్ళు తాగని బావికి ఎవుడు కాపలా కాస్తాడు? వాళ్ళ మైలే మనకు పట్టా."

ఏసన్న పళ్ళు లేని చిగుళ్ళతో నవ్వాడు.

శనివారం పొద్దున మద్దిలేటి గేరికి వచ్చాడు. రెడ్డి పంపాడు. ఎవరైనా సరే వచ్చి మైనం పట్టిస్తే చాలట. మొదట ఏసన్న చేతులు చాపి చూపించాడు. "నాకు గజ్జి నాయనా. రెడ్డి కారుకు అంటుకుంటే?" అవతలివాడికి గోరుచుట్టు. ఇంకొకడి చేతిలో తుమ్మముల్లు. ఒకడికైతే రాత్రి దేవదూత కనపడి ఇనుము ముట్టవద్దన్నాడట. మద్దిలేటి అందరి రోగాలూ శ్రద్ధగా విని, తిరిగిపోతూ మలుపులో నవ్వు ఆపుకోలేక చెట్టుకు ఆనుకున్నాడు. పోనీ నువ్వే తోలు ముట్టుకుంటావా అని రెడ్డి అడిగితే, తనకు కులం ఎంత ముఖ్యమో మళ్ళీ చెప్పాడు.

ఇక మిగిలింది లింగారెడ్డి ఒక్కడే.

మిట్టమధ్యాహ్నం కారును ముంగిట్లోకి తోశారు, వెలుతురు బాగుంటుందని. కాలు పెడితే కాలేంత ఎండ. బానెట్టు పెనంలా ఉంది. కష్టమంటే ఎరగని లింగారెడ్డి చేతులు శనగబద్దంత మైనంతో ఆగుతాయా? గుప్పెడు తీసి సున్నం కొట్టినట్టు కొట్టాడు. అంతలో గని వైపునుంచి సుడిగాలి లేచి నాపరాళ్ళ పొడి తెచ్చి తడి మైనం మీద చల్లింది. ఎండకు మైనం కరిగి, పొడిని పట్టుకుని, బిగిసిపోయింది. నేరేడుపండు కాస్తా బూడిదగుమ్మడికాయ అయింది. తోలుతో తుడిస్తే రాలేదు. పంచెతో తుడిస్తే రాలేదు. కోపమొచ్చి కొబ్బరిపీచు తెప్పించి తోమాడు. అప్పుడు వచ్చింది. దాంతోపాటు రంగు కూడా వచ్చింది. బానెట్టు ఈ చివరినుంచి ఆ చివరికి ఒక పొడుగాటి గీత, ముసలి ఎద్దు వీపుమీద చర్నాకోల వాత లాగా.

లింగారెడ్డి పీచు పారేసి ఆ గీతను చూస్తూ కూలబడ్డాడు. రెండేళ్ళుగా ఆయన పొలాల్లో చచ్చిన పైరుకు రాని కన్నీళ్ళు అప్పుడు వచ్చాయని మద్దిలేటి తర్వాత అందరికీ చెప్పాడు.

ఎండ వాలకముందే ఆయన గొడుగేసుకుని గేరికి వచ్చాడు. పుట్టి పెరిగిన ఊళ్ళో ఇటువైపు కాలు పెట్టడం అదే మొదలు. గేరి మొదట్లోనే ఆగిపోయాడు. కుక్కలు కూడా కొత్తమనిషిని చూసినట్టు మొరిగాయి.

"లాజరా... రారా."

"కుండలు మునగాల సామీ."

"రేపు సభ అయినాక..."

"సభకు ముందు. ఇప్పుడు."

లింగారెడ్డి గొడుగులోంచి ఆకాశం కేసి చూశాడు. సభ తర్వాత బావికి శాంతి చేయించుకోవచ్చని ఆయన లోపల లెక్క వేసుకున్నట్టు ముఖమే చెప్పింది. "సరే పో. తోడుకోండి."

ముందు నడిచింది రాహేలమ్మ. ఆమె బావి గట్టు ఎక్కిన క్షణాన మిద్దెమీదనుంచి కృష్ణవేణమ్మ ఒక్క కేక పెట్టింది. రాహేలమ్మ తలెత్తి చూడలేదు. చేద వదిలింది. తాడు జరజరా జారిపోయి, లోపల నీళ్ళు పలికాయి. పైకి లాగి, దోసిలి పట్టి తాగి, కళ్ళు మూసుకుని, "తియ్యగుండాయి," అంది. అంతే. వెనకనున్న ఆడవాళ్ళు ఒక్కసారిగా గట్టు మీద పడ్డారు.

అప్పుడు లాజరు గోడమీది తోలుగుడ్డ తీసుకున్నాడు. కారును నీడలోకి తోయించి, గట్టిపడ్డ మైనాన్ని నానబెట్టి వదిలించి, కొత్తగా పట్టించాడు. మచ్చలు పోయాయి, పొడి పోయింది. గీత పోలేదు. రెడ్డి వంగి బానెట్టులో చూసుకుంటే గీత సరిగ్గా మీసాల మీదుగా పోయి ముఖాన్ని రెండు ముక్కలు చేసింది.

"ఇది పోదా?"

"అది మైనం పని కాదు సామీ," అన్నాడు లాజరు.

ఆదివారం లింగారెడ్డి సభకు పోయాడు. సీట్లు నలుగుతాయని మద్దిలేటిని తలుపు బయటి మెట్టు మీద నిలబెట్టి తీసుకుపోయాడు. సాయంత్రం కారు తిరిగి వచ్చేసరికి బావి దగ్గర గేరి ఆడవాళ్ళున్నారు, పక్కన లాజరు కూర్చుని బీడీ వెలిగిస్తున్నాడు. మద్దిలేటి దిగి తిన్నగా అక్కడికే వచ్చాడు.

"ఏమి చెప్పినాడప్పా మీ రెడ్డి?" అడిగాడు లాజరు.

"నాకు కండ్లనీళ్ళొచ్చినాయి లాజరూ. పేదల దాహం చూసి ఆయన మనసు కరిగి, సొంత బావిని తనంతట తనే సోదరులకు ఇచ్చేసినాడంట. చప్పట్లే చప్పట్లు. మూడు దండలేసినారు."

"మైనం మాట చెప్పలా?"

"ల్యా. యాడ చెప్తాడు?"

"అవ్వేమంటాండాది?"

"నిన్నటినుంచి పెరటిబావి ఉప్పునీళ్ళే తాగుతాండాది. రెడ్డిని గూడా అవే తాగమంది. పురోహితుడొచ్చి శాంతి చేస్తానంటే, నువ్వు తాగిపో ముందు అనింది. ఆయప్ప పనుందని పోయినాడు."

అంతలో ఇంటి ముంగిట్లో గొంతులు వినపడ్డాయి. అందరూ అటు తిరిగారు. లింగారెడ్డి మెడలో మూడు దండలతో కారు దిగి గడప వైపు నడుస్తున్నాడు. గడపలో కృష్ణవేణమ్మ. చేతిలో ఇత్తడిచెంబు, వేపరెమ్మ.

"ఆగు ఆడనే. ఎవురెవురి పక్కన కూచున్నావో, ఎవురి చేతి దండలు ఏసుకున్నావో. ముందు నీమీద చల్లి, తర్వాత ఆ కారు మీద చల్తా. శాస్త్రం గీస్త్రం నాకు చెప్పాకు."

హరిజనోద్ధారకుడు వెనక్కి ఒక్క దూకు దూకి కారుకు అడ్డంగా నిలబడ్డాడు. చేతులు రెండూ బారచాపి, బానెట్టును వీపుతో కప్పుకుని, పొదిగే కోడిలాగా.

"అమ్మా! నామీద చల్లు, నెత్తిన పోసెయ్, ఏమైనా చెయ్యి. కారు మీద మాత్రం వద్దమ్మా!"

కృష్ణవేణమ్మ రెమ్మ పారేసి చెంబెత్తి మొత్తం కుమ్మరించింది. దండలు తడిశాయి, గంజి పెట్టిన ఖద్దరు పసుపుపచ్చగా ఒంటికి అతుక్కుంది. రెడ్డి కదల్లేదు. ఒక్క బొట్టూ వెనక్కి చిందకుండా అలాగే తాగేశాడు, ఒంటితో.

బావి గట్టు మీద రాహేలమ్మ తాడు పట్టుకునే ఇదంతా చూసింది.

"పాపం," అంది. "ఆయప్ప ఒంటికి ఎవురూ మైనం పట్టించలేదు గదా. మరకలు పోతాయో లేదో."

ఆమె తాడు వదిలింది. చేద మళ్ళీ నీళ్ళలో మునిగింది.